ఏ విమానానికి ఎందరు

నేను చాలా తెలివైనవాణ్ణని ముప్ఫై ఆరో ఏడు దాకా నాకు గట్టి నమ్మకం ఉండేది. దానికి ఆధారాలు కూడా లేకపోలేదు. వాల్తేరులో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ, అందులో రెండో ర్యాంకు. మొదటి ర్యాంకు వచ్చినవాడు ప్రొఫెసరు గారి మేనల్లుడు గనక వాణ్ణి నేను లెక్కలో వెయ్యను. పటాన్‌చెరు దగ్గర బొంబాయి రోడ్డు పక్కన ఉన్న ప్రభుత్వ కార్ఖానాలో ప్లానింగు ఆఫీసరు ఉద్యోగం, టౌన్‌షిప్‌లో రెండు గదుల క్వార్టరు, గుమ్మం మీద నల్ల బోర్డు మీద తెల్ల అక్షరాలతో నరసరాజు అని నా పేరు. మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ నమ్మకం 1974 ఫిబ్రవరిలో పోయింది. దాన్ని పోగొట్టింది పోతిరెడ్డిపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే ఇరవై మూడేళ్ళ టెంపరరీ గుమస్తా. పేరు కౌసల్య. పోయినందుకు నాకు విచారం లేదు. అంత తెలివిని అంత దగ్గరగా మళ్ళీ నేను చూడలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

సంగతి మొదలైంది విమానాలతో. అంతకుముందు ఏడాది చివర అరబ్బు దేశాలవాళ్ళు చమురు బిగబట్టారు. ఇక్కడ విమానాల కంపెనీవాళ్ళు సర్వీసులు తగ్గించి, సీట్లకి కరువు తెచ్చారు. మా కార్ఖానాలో తయారయ్యేవి పెద్ద పెద్ద యంత్రాలు. వాటి ప్రతి బోల్టుకీ ఢిల్లీలో ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. నెలకి వందమంది దాకా బేగంపేటలో విమానం ఎక్కేవాళ్ళు. విమానాలవాళ్ళు కొత్త షరతు పెట్టారు: వచ్చే నెల ఏ విమానంలో ఎన్ని సీట్లు కావాలో ఇరవయ్యో తారీఖులోగా చెప్పాలి. చెప్పి ఖాళీగా వదిలేస్తే ఆ పై నెల మన వాటా సగం కోసేస్తారు.

ఢిల్లీకి మూడు విమానాలు ఉండేవి. పొద్దున్న ఆరింటికి ఒకటి, తిన్నగా వెళ్ళేది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఒకటి, నాగపూర్లోనూ భోపాల్లోనూ ఆగి ఆగి వెళ్ళేది. సాయంత్రం అయిదింటికి ఇంకొకటి, అదీ తిన్నగానే. వచ్చేటప్పుడూ అదే వరస.

జనరల్ మేనేజరు గారు నన్ను పిలిచారు. "రాజుగారూ, ఎవరు ఏ విమానం కోరుకుంటారో ముందుగా చెప్పే లెక్క ఏదైనా ఉందా మీ శాస్త్రంలో?" అన్నారు.

"ఉందండి. లేకపోతే నేను తయారు చేస్తాను," అన్నాను. నా నోరు అలాంటిది.

నిజానికి లెక్క వెనక ఉన్న ఆలోచన సులువైనదే. సంగారెడ్డి బస్సు కోసం నిలబడ్డవాడు ఏం చేస్తాడు? ముందున్న బస్సు వెంటనే కదులుతుంది గాని నిలబడి వెళ్ళాలి. వెనకది అరగంట ఆలస్యం గాని కూర్చోవచ్చు. మనసులోనే తూకం వేసుకుని ఒకటి ఎక్కుతాడు. విమానం ఎక్కేవాడూ అంతే. గాలిలో గడిపే గంట ఎంత బరువు, మధ్యలో ఆగితే ఎంత చిరాకు, ఆఫీసు పూట కలిసొస్తే ఎంత లాభం, ఇవన్నీ తూకంరాళ్ళు. వాటి బరువు తెలిస్తే ఏ విమానానికి ఎన్ని మార్కులో తెలుస్తుంది. మార్కులు తెలిస్తే వందమంది మూడు విమానాల మధ్య ఎలా పంచుకుంటారో చెప్పవచ్చు.

బరువులు తెలియాలంటే మనుషుల్ని అడగాలి. ఒక ప్రశ్నాపత్రం తయారు చేశాను. మూడు విమానాల్లో మీరు దేన్ని ఎంచుకుంటారు, ఎందుకు, అని పన్నెండు ప్రశ్నలు. రెండు వందల పన్నెండుమంది ఆఫీసర్లకి పంపాలి. సర్కారు కార్ఖానాలో ఏ కాగితమైనా పద్ధతి ప్రకారం కదలాలి కదా. అంటే ప్రతి పత్రం ఆ ఆఫీసరు పై అధికారి చేతుల మీదుగా కిందికి వెళ్ళి, నింపాక మళ్ళీ ఆయన సంతకంతోనే పైకి రావాలి.

పత్రాలు సైక్లోస్టైల్ చేసింది కౌసల్యే. పరిపాలన భవనంలో ప్రయాణాల విభాగం అని ఒక కిటికీ ఉండేది, ఆ కిటికీ వెనక ఆమె ఒక్కతే. టిక్కెట్లు రాయించడం, కంపెనీ వ్యానుకి కబురు పెట్టడం, మధ్యలో ఖాళీ దొరికితే టైపు చెయ్యడం ఆమె పని. వాళ్ళ నాన్న పోచయ్య భూమి కార్ఖానా గోడల లోపలికి పోయింది. ఇంటికొక ఉద్యోగం అన్నారు. ఆ ఇంట్లో చదువుకున్నది ఈమె ఒక్కతే కాబట్టి సంగారెడ్డిలో పీయూసీ పూర్తి చెయ్యగానే వచ్చి చేరింది. చేరి నాలుగేళ్ళయినా టెంపరరీయే. ఆరు నెలలకోసారి పొడిగింపు కాగితం వస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. ఇంట్లో నలుగురి తిండి ఆ కాగితం మీద ఆధారపడి ఉంది.

పత్రాలు కట్టలు కడుతూ ఆమె అడిగింది. "సార్, ఇవి చీఫ్ సార్ల చేతుల మీదికెల్లి పోవుడెందుకు? నా కిటికీ కాడ ఇస్తె కాదా? టిక్కెట్‌కు వచ్చినప్పుడు నింపిపోతరు."

"పద్ధతంటే పద్ధతేనమ్మాయ్. నువ్వు కట్టలు కట్టు చాలు," అన్నాను.

ఆమె కట్టలు కట్టింది.

పత్రాలు తిరిగొచ్చాయి. నూట నలభైమందికి పైగా పొద్దున్న ఆరు గంటల విమానమే కావాలని రాశారు. కారణం: పనివేళ కలిసొస్తుంది, కార్ఖానాకి మేలు. నాకు కళ్ళు చెమర్చాయి. దేశం బాగుపడుతోందనుకున్నాను. పదిహేను రోజులు ఫేసిట్ లెక్కల మిషను పిడి తిప్పి తిప్పి భుజం వాచింది. ఆఖరికి పట్టిక తేలింది. గాలిలో గంటకి మైనస్ నాలుగు, ఆగిన ఊరికి మైనస్ తొమ్మిది, ఆఫీసు పూట కలిసొస్తే ప్లస్ ఇరవై. వందమందిలో అరవై ఎనిమిదిమంది పొద్దున్నది ఎక్కుతారు, ఇరవై నాలుగుమంది సాయంత్రానిది, మిగిలిన ఎనిమిదిమంది ఆగి ఆగి వెళ్ళేది.

నివేదిక ఇంగ్లీషులో రాసి కౌసల్యకే టైపుకి ఇచ్చాను. తానే వంట చేసి తానే మెచ్చుకునే రకాన్ని నేను. ఆఖరి పేజీలో ఇంకొక వాక్యం కూడా ఊపులో రాసేశాను: ఈ పట్టిక అమల్లోకి వస్తే ప్రయాణాల విభాగంలో ప్రత్యేకంగా ఒక గుమస్తా రిడండెంట్ అవుతారు.

మధ్యాహ్నం ఆ పేజీ పట్టుకుని నా గదికి వచ్చింది. "సార్, రిడండెంట్ అంటే ఏంది?"

నేను తలెత్తకుండానే, "అవసరం లేనిది అని," అన్నాను.

"సరే సార్," అని వెళ్ళిపోయింది. సాయంత్రానికి అసలు, నాలుగు కార్బన్ కాపీలు నా బల్ల మీద ఉన్నాయి. ఒక్క తప్పు లేదు. ఆ ఆఖరి వాక్యంలో కూడా లేదు. అది తన గురించే అని ఆమెకి తెలుసు. నాకే తట్టలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా వాళ్ళు అనేది నన్ను చూసే కాబోలు.

జనరల్ మేనేజరు గారు పొంగిపోయారు. ఫిబ్రవరి సీట్లు నా పట్టిక ప్రకారమే అడిగారు. వారం తిరక్కుండా ఒక ఆర్డరు కాపీ నా బల్ల మీదికి వచ్చింది. "నరసరాజు గారి నివేదిక ఆధారంగా" కౌసల్య అనే టెంపరరీ గుమస్తాకి మార్చి ముప్ఫయ్యొకటి తర్వాత పొడిగింపు ఉండదు. అది చదివాక ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఒక మనిషి ఉద్యోగం తియ్యాలని నేను ఎప్పుడూ అనుకోలేదు. అనుకోకుండానే తీసేశాను, అది ఇంకా సిగ్గుచేటు.

కిటికీ దగ్గరికి వెళ్ళి, "కౌసల్యా, అది నేను ఆలోచించకుండా రాసిన మాట," అన్నాను.

"మీరు లెక్క రాసిండ్రు సార్. గది మీ పని," అంది. నిష్ఠూరం లేదు, నవ్వు కూడా లేదు. "కని లెక్క తప్పు సార్."

నాకు చర్రున కోపం వచ్చింది. జాలి ఎక్కడికి పోయిందో తెలియదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాడి కోపం అది. "ఎక్కడ తప్పో ఫిబ్రవరిలో చూద్దాం," అని వచ్చేశాను.

ఫిబ్రవరి వచ్చింది. మొదటి వారంలోనే నేను ఢిల్లీ వెళ్ళవలసి వచ్చింది. నా పట్టిక మీద గౌరవం కొద్దీ పొద్దున్న విమానం రాయించుకున్నాను. తెల్లవారుజామున మూడింటికి వ్యాను వచ్చి నన్ను ఎక్కించుకుని ఇంకెవరి ఇంటి ముందూ ఆగకుండా తిన్నగా బేగంపేట వెళ్ళిపోయింది. మా కార్ఖానా పేరున పట్టి ఉంచిన సీట్లలో నేను ఒక్కణ్ణే కూర్చున్నాను. విమానంలో అమ్మాయి నాకు రెండు పొట్లాల టిఫిను ఇచ్చింది, ఎలాగూ మిగిలిపోతుందని.

తిరిగి వచ్చాక చూస్తే కౌసల్య కిటికీ ముందు పెళ్ళి విడిదిలా ఉంది. అందరికీ సాయంత్రం విమానమే కావాలి. అందులో సీట్లు లేవు. డిజైను విభాగంలో సత్తిబాబు, మా కాకినాడవాడే, అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు. వాణ్ణి పక్కకి లాగాను.

"ఏమోయ్, పత్రంలో పొద్దున్న విమానమే కావాలని రాశావు కదా."

"రాశానండి. ఆ పత్రం మా చీఫ్ ఇంజనీరు గారి చేతికి వెళ్తుంది కదండీ. ఇంకేం రాయమంటారు? నాకు నిద్ర ముఖ్యమని రాయమంటారా?" అన్నాడు.

ఇంటికి వెళ్ళి మా ఆవిడ కనకమహాలక్ష్మితో, ఈ జనానికి నిజం చెప్పే అలవాటు లేదని చిందులు వేశాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. విని, "మీ పత్రంలో మీరేం రాశారు?" అంది.

"పొద్దున్నదే."

"మొన్నటిది కాకుండా అంతకుముందు ఎప్పుడైనా ఎక్కారా?"

ఎక్కలేదు. నేను ఎప్పుడూ వచ్చేది ఆగి ఆగి వచ్చే విమానంలో. నాగపూర్లో అరగంట ఆగుతుంది, ఆ అరగంటలో బుట్టెడు కమలాపళ్ళు కొనుక్కుని వస్తాను. తేకపోతే ఈవిడ ఊరుకోదు. అలాంటి నేనే, మా విభాగాధిపతి చూస్తాడని, నా పత్రంలో, నా లెక్కకే అబద్ధం రాసిచ్చాను. రెండు వందల పన్నెండు అబద్ధాలు పోగేసి, పదిహేను రోజులు పిడి తిప్పి, వాటికి సగటు కట్టాను.

మర్నాడు సైరను కూయకముందే వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. కౌసల్య బస్సు దిగి చీర మీద దుమ్ము దులుపుకుంటూ వచ్చింది. "తప్పని నీకు ఎలా తెలిసింది?" అన్నాను.

ఆమె సొరుగులోంచి పాత రిజిస్టరు తీసింది. నాలుగేళ్ళుగా ఎవరు ఎప్పుడు ఏ విమానం అడిగారో అందులో సిరాతో ఉంది, అది ఆమె పని. ప్రతి నెల పేజీకీ పైన, మూలగా, పెన్సిలుతో మూడు అంకెలు ఉన్నాయి. ఆ నెల మొదలు కాకముందే ఆమె వేసుకున్న అంచనా అది. ఫిబ్రవరి పేజీ తిప్పాను. పొద్దున్న ఇరవై రెండు, మధ్యాహ్నం ఇరవై, సాయంత్రం యాభై ఎనిమిది. నెల పూర్తయ్యాక అడిగినవాళ్ళని లెక్కపెడితే ఇరవై ఒకటి, ఇరవై రెండు, యాభై తొమ్మిది అయింది. నలభై ఎనిమిది నెలల పేజీలు తిరగేశాను. మూడు నాలుగు మించి ఎక్కడా తేడా లేదు.

"ఎవరు వెయ్యమన్నారు ఇవి?"

"ఎవరు అనలే సార్. ఊకనే. కిటికీ కాడ ఊకె కూసుంటె పొద్దు పోవాలె గద."

నేను అక్కడే ఒక స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒక్క రోజు కాదు, వారం. ఆమె టిక్కెట్లు రాస్తుంటే చూస్తూ కూర్చున్నాను. మా ఆఫీసువాళ్ళు నవ్వుకున్నారు, నవ్వుకోనీ అనుకున్నాను.

ఏ విమానం కావాలని ఆమె ఎవరినీ అడగదు. రెండే ప్రశ్నలు. ఇంటికి ఎప్పుడు రావాలె సార్? ఇంకెవరు పోతున్నరు సార్? ఆ రెండు జవాబులూ విని టిక్కెట్టు రాసేస్తుంది. నూటికి తొంభైమంది చదివి చూసుకుని, ఇదే నాకూ కావలసింది అని వెళ్ళిపోతారు.

"పొద్దుగాలది ఎవరికి వద్దు సార్," అని ఒక మధ్యాహ్నం టిఫిను డబ్బా విప్పుతూ చెప్పింది. "బండి చిన్న ఆఫీసర్ కాడికి ముందుగాల పోతది, పెద్దసార్ కాడికి ఆఖర్ల పోతది. చిన్నాయన మూడు గొట్టంగ బండి ఎక్కి కాలనీ అంత తిరగాలె. చీఫ్ సార్ ఆరాంగ నాలుగిటికి లేస్తడు. గందుకే పొద్దుగాల చీఫ్‌లే పోతరు. చీఫ్ పోతుండని ఎరికైతె ఇంకెవ్వలు పోరు. గాయన పక్కపొంటి కూసోని పోయేదెవరు?"

"ఎవరూ పోరా?"

"ప్రమోషన్ రావాల్సినాయన పోతడు సార్. గాయన ఒక్కడు."

నేను ఆ మాట రాసుకున్నాను. నా పన్నెండు ప్రశ్నల్లో వ్యాను లేదు. పక్క సీటులో ఎవరు కూర్చుంటారన్నది లేదు. ప్రతి మనిషీ ఒంటరిగా బయల్దేరి ఒంటరిగా ఎంచుకుంటాడని నా లెక్క అనుకుంది. మా కార్ఖానాలో అలాంటి మనిషి ఒక్కడూ లేడు.

"మరి పోయేటప్పుడు మధ్యాహ్నానిది ఎవరు అడుగుతారు?"

"తిట్లు పడేటందుకు పోయేటోళ్ళు. పని లేటయిందని ఢిల్లీల జవాబు చెప్పేటందుకు పోతరు సూడుండ్రి, వాళ్ళు. ఎంత ఆగితె అంత మంచిది వాళ్ళకు. వచ్చేటప్పుడైతె సంత్రాల కాలంల మీ అసొంటోళ్ళు. ఆంధ్రా సార్ల ఇండ్లల్ల సంత్రాలు కావాలె. మా దిక్కు సార్లు సాయంత్రం దాంట్ల వస్తరు, ఇంటికి జల్ది రావాలె వాళ్ళకు."

ఆగిన ఊరికి మైనస్ తొమ్మిది అని వేసిన మనిషిని నేను. ఎంత సూటిగా, ఎంత తేలిగ్గా చెప్పింది. ఒకరి జీతం, హోదా, భార్య ఇష్టం, భయం, ఆశ అన్నీ కిటికీ అవతలి నుంచి చూసి, ఎవరి పరువూ తియ్యకుండా, ఒక్క అంకెలోకి దించింది. వాల్తేరులో మాకు పాఠం చెప్పినవాళ్ళలో ఇలా చూడగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. మొదటి ర్యాంకు ఈమెకిచ్చి ఉంటే నాకు అభ్యంతరం ఉండేది కాదు.

జనరల్ మేనేజరు గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. నా పట్టిక తప్పని, ఆ అమ్మాయి అంకెలే సరైనవని, ఆర్డరు వెనక్కి తీసుకోవాలని. ఆయన మంచివారే. విన్నారు. విని, "అయితే ఆ ప్రశ్నలన్నీ మీ పట్టికలో కలిపెయ్యండి. లెక్క బాగుపడుతుంది. ఆర్డరు మాత్రం ఆర్డరే. పట్టిక ఉండగా మనిషెందుకు?" అన్నారు.

కలపగలను, అదే నా బాధ. హోదాకి ఒక బరువు, తోటి ప్రయాణికుడికి ఒక బరువు, పని స్వభావానికి ఒకటి, రుతువుకి ఒకటి. వారం రోజుల పని. ఆమె బుర్రలో ఉన్నది నా కాగితం మీదికి ఎక్కించుకుని, ఆ కాగితంతోనే ఆమెని గేటు దాటించాలి. ఆ సంగతి దాచకుండా ఆమెతోనే చెప్పేశాను.

మార్చి ముప్ఫయ్యొకటికి ఇరవై మూడు రోజులు ఉంది. "మా నాయినకు ఇంక చెప్పలే సార్. అడ్డ మీద కూలికి పోత అంటడు, గాయనతోని కాదు ఇప్పుడు," అంది. తర్వాత రిజిస్టరు నా ముందుకి జరిపింది. "రాసుకోండ్రి సార్. మంచి లెక్క దాసి పెట్టుకునుడెందుకు? తప్పు లెక్కతోని నౌకరి పోయిందానికంటె మంచి లెక్కతోని పోవుడు నయం."

మళ్ళీ కూర్చుని రాశాను. ఈసారి పిడి తిప్పింది నేను, చెప్పింది ఆమె. వ్యాను ఏ ఇంటికి ఎన్నింటికి వస్తుందో కూడా అందులోకి వచ్చింది. ఆమె పాత రిజిస్టరుతో సరిచూస్తే నలభై ఎనిమిది నెలల్లో నలభై ఆరు సరిపోయాయి. ఢిల్లీ హెడ్డాఫీసుకి పంపవలసిన నివేదిక అది, ఎందుకంటే మిగతా కార్ఖానాలవాళ్ళూ సీట్ల కోసం ఇలాగే కొట్టుకుంటున్నారు.

అట్ట మీద పేర్ల దగ్గర ఆగాను. మా దగ్గర నివేదిక మీద పేర్లు గ్రేడు ప్రకారం పడతాయి. పెద్దవాడి పేరు ముందు, ఆయన అది చదవకపోయినా సరే. టెంపరరీ వాళ్ళ పేరు పడడమన్నది ఎవరూ ఎరగరు. కౌసల్య టైపు చేసి తెచ్చిన అట్ట మీద నా పేరు ఒక్కటే ఉంది. నేను దాని పైన పెన్నుతో ఆమె పేరు రాసి, మళ్ళీ టైపు చెయ్యమన్నాను.

"గిట్ల ఎవరు రాయరు సార్."

"నేను రాస్తాను. ఇది ఎవరి లెక్కో వాళ్ళ పేరే ముందుంటుంది."

"పెద్దసార్ ఏమంటడో."

"ఆయన అట్ట చూడరమ్మా, సారాంశం ఒక్కటే చూస్తారు," అన్నాను. ఆ ఒక్క అంచనా నాది నిజమైంది. ఆయన సారాంశం చదివి, బాగుందని రాసి, సంతకం పెట్టి పంపేశారు.

మార్చి ఇరవై ఏడున టెలిగ్రాం వచ్చింది. నివేదిక అన్ని కార్ఖానాలకీ వర్తింపజేయదలిచామని, మొదటి రచయిత కౌసల్య ఇరవై తొమ్మిదో తారీఖు ఉదయం పదింటికి ఢిల్లీలో బోర్డు ముందు వివరించాలని. ఆ మనిషి ఇంకో నాలుగు రోజుల్లో ఉద్యోగంలో ఉండదని ఢిల్లీవాళ్ళకి ఏం తెలుసు?

జనరల్ మేనేజరు గారు నన్ను పిలిచి టెలిగ్రాం బల్ల మీద పడేశారు. "రైల్లో పంపితే అందుకోలేదు. విమానంలో పంపాలంటే నిబంధన ఉంది, పర్మినెంటు ఉద్యోగికే విమానం. మీరు వెళ్ళండి."

"వెళ్తానండి. కాని వాళ్ళు అడిగేవాటికి జవాబులు నా దగ్గర లేవు. నేను రెండో పేరువాణ్ణి. పక్కన కూర్చుని తలూపడం వరకే నా పని."

"ఆ అమ్మాయికి ఒంట్లో బాగాలేదని రాస్తే?"

"బోర్డుకి మీరు ఏం రాసినా రాయవచ్చండి. నేను మాత్రం అక్కడ ఎవరైనా అడిగితే ఉన్నది చెబుతాను," అన్నాను. పదేళ్ళ సర్వీసులో ఆయనతో అలా మాట్లాడడం అదే మొదలు.

ఆయన టెలిగ్రాం మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. "రాజుగారూ, ఇది జరుగుతుందని ముందే లెక్క వేసి ఆ పేరు ముందు పెట్టారా?"

"లేదండి. నా లెక్కలు ఎలా ఉంటాయో ఫిబ్రవరిలో చూశారు కదా."

ఆయనకి నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయారు. పాత ఆర్డరు తెప్పించి కొట్టేసి, సిబ్బంది విభాగం ఆఫీసర్ని పిలిపించి, సాయంత్రం నాలుగు కాకముందే కౌసల్యని పర్మినెంటు చేస్తూ కాగితం మీద సంతకం పెట్టారు. నాలుగేళ్ళు కదలని కాగితం విమానం టిక్కెట్టు కోసం నాలుగు గంటల్లో కదిలింది.

ఆ కాగితం నేనే పట్టుకెళ్ళి కిటికీలోంచి ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదువుకుంది. మడత పెట్టి టిఫిను సంచీలో అడుగున పెట్టుకుంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "మా నాయినకు బస్సు దిగంగనె చెప్త," అంది. అప్పుడే వెనకనుంచి ఎవరో టిక్కెట్టు కోసం వస్తే, అతనికి రాసిచ్చి పంపి, తర్వాత తన ఫారం తీసింది.

నేను స్టూలు మీద కూర్చుని మనసులో కొత్త పట్టిక వేశాను. ఈసారి వ్యాను, హోదా, తోడు, అన్నీ ఉన్నాయి అందులో. మొదటిసారి విమానం ఎక్కుతున్న ఆడపిల్ల. పొద్దున్నది ఎక్కితే పట్టపగలు ఢిల్లీలో దిగవచ్చు. రేపు తెల్లవారే బయల్దేరాలంటే ఈ రాత్రికి మా ఇంట్లో పడుకోమని మా ఆవిడ అప్పటికే కబురు పెట్టింది. పక్కన తోడు నేనున్నాను. అనుమానం లేదు, పొద్దున్నదే.

"ఆరింటి దానికి ఇద్దరికీ రాసెయ్యమ్మా," అన్నాను.

"మీరు పొద్దుగాల దాంట్ల పోండ్రి సార్. నేను మధ్యాహ్నం దాంట్ల పోత."

"అది ఆగి ఆగి చీకటి పడ్డాక గాని చేరదు. తిట్లు పడేవాళ్ళు ఎక్కేదని నువ్వే కదా అన్నావు."

ఆమె ఫారం మీదనుంచి తల ఎత్తలేదు. "నాలుగేండ్ల సంది అందరికి రాసిచ్చిన సార్. నేను ఎక్కుతనని ఎన్నడు అనుకోలే. తిన్నగ పోయేది ఒక్కపారి లేస్తది, ఒక్కపారి దిగుతది. గంతే. గిదైతె మూడు సార్లు లేస్తది, మూడు సార్లు దిగుతది." ఫారం మీద తారీఖు వేస్తూ అంది. "మల్ల ఎక్కుతనో లేదో. జెర ఎక్కువసేపు పైన ఉంట సార్."

పదేళ్ళుగా నేను విమానాలు ఎక్కుతున్నాను. ఎక్కగానే కాగితాలు తీస్తాను, దిగేదాకా తలెత్తను. గాలిలో గడిపిన గంటని నష్టం కింద రాయడం తప్ప ఇంకోలా రాయవచ్చని నాకు ఎన్నడూ తట్టలేదు. ఆమె తన పేరు ఎదురుగా మధ్యాహ్నం ఒంటిగంట అని రాసింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క తప్పు లేదు. దాని కింద నా పేరూ రాయమన్నాను. మర్నాడు ఆ విమానానికి మా కార్ఖానా నుంచి ఇద్దరం.